తర్వాతి కారవాన్‌లో ఏమేమి ఉండాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మొదటి బండిని చాలామంది బొమ్మ చూసి కొంటారు. రెండోదాన్ని మొదటి బండిలో గడిపిన రాత్రులు గుర్తుపెట్టుకొని కొంటారు. కింది ప్రశ్నలు ఆ రెండో బండి కోసం. తానే నడిచే మోటర్‌హోమ్ కావచ్చు, కారు వెనక లాగే కారవాన్ కావచ్చు, వ్యాన్‌ను ఇల్లుగా మార్చుకున్నది కావచ్చు, చాలా జవాబులు అన్నిటికీ వర్తిస్తాయి. అన్నిటినీ కలిపి ఇక్కడ ‘బండి’ అనే అంటున్నాను. తేడా ఉన్నచోట విడిగా చెప్పాను.

కోరికల జాబితా ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇప్పుడున్న బండిలోనే. వంటింటి సొరుగులో ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. రోజూ పడుకునే ముందు ఆ రోజు విసిగించినది ఒకటి, హాయినిచ్చినది ఒకటి రాయండి. మేము అలా రెండేళ్లు రాశాం. తిరగేసి చూస్తే ‘తడి తువ్వాలు ఆరేయడానికి చోటు లేదు’ అన్న మాట పందొమ్మిది సార్లు ఉంది. ‘గుమ్మం దగ్గర చెప్పులు కాళ్లకు అడ్డం పడుతున్నాయి’ అన్నది పద్నాలుగు సార్లు. పెద్ద టీవీ కావాలని ఒక్కసారే రాసుకున్నాం, అదీ వాన పడి రెండు రోజులు లోపలే కూర్చున్నప్పుడు. సొంత బండి లేనివాళ్లు వారం రోజులు అద్దెకు తీసుకొని ఇదే పని చేయవచ్చు. రెండు రోజులు చాలవు. మొదటి రెండు రోజులు ముచ్చటగానే గడుస్తాయి, ఇబ్బందులు మూడో రోజు నుంచి బయటపడతాయి.

అన్నిటికంటే ముందు ఏది చూడాలి?

కప్పు కారకపోవడం. దీని తర్వాతే ఏదైనా.

మా మొదటి బండిలో మూడో ఏడాది వానల్లో పైకిటికీ మూల దగ్గర బొటనవేలి గోరంత గోధుమరంగు మచ్చ కనిపించింది. తుడిస్తే పోలేదు. వేలితో నొక్కితే గోడ పలక నానిన అట్టలా లోపలికి పోయింది. పలక ఊడదీసి చూస్తే లోపలి చెక్క చట్రం మూరెడు పొడవున నల్లబడి, చేత్తో నలిపితే పొడిగా రాలింది. నీళ్లు మాకు కనబడకుండా రెండేళ్ల పాటు దిగుతూ వచ్చాయన్నమాట. అమ్మినవారి దగ్గరికి వెళ్తే వారంటీలో ఏటేటా చేయించవలసిన తనిఖీ ఒకటి తప్పిందని చూపించారు. ఆ బాధ మరొకరికి రాకూడదనే ఈ జవాబు ఇంత పొడవుగా రాస్తున్నాను.

కప్పులో అతుకులు ఎన్ని తక్కువ ఉంటే అంత మంచిది. ముందు నుంచి వెనక వరకు ఒకే షీటుగా వచ్చే ఫైబర్‌గ్లాస్ కప్పు, లేదా పైభాగం, కింది భాగం రెండు చిప్పల్లా అచ్చుపోసి కలిపిన ఫైబర్‌గ్లాస్ బండి ఈ విషయంలో ముందుంటాయి. చట్రంలో చెక్కకు బదులు అల్యూమినియమో, నీరు పీల్చని మిశ్రమ పదార్థమో ఉందా అని అడగండి. కిటికీలు, యాంటెన్నా, ఏసీ, సౌర ఫలకాల కోసం కప్పుకు పెట్టిన ప్రతి రంధ్రమూ ఒక రోజున కారగలదు. అందుకే పైన అమర్చినవన్నీ ఎన్నో లెక్కపెట్టండి, వాటి చుట్టూ పూసిన సీలెంటు పగిలిందేమో చూడండి. వాడిన బండి కొంటుంటే తేమ కొలిచే మీటరు తీసుకెళ్లి కిటికీల మూలలు, పైకప్పు అంచులు, పరుపు కింది అరలు పరీక్షించండి. ఆ మీటరు పెద్ద ఖర్చు కాదు, కుళ్లిన గోడ మాత్రం పెద్ద ఖర్చే.

బండి ఎంత బరువు మోయగలదన్నది నిజంగా అంత ముఖ్యమా?

చాలా ముఖ్యం. ప్రచార పుస్తకంలో చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది కాబట్టి చాలామంది చూడరు. బండికి అనుమతించిన మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మీ సంసారం.

లెక్క వేసి చూద్దాం. మోటర్‌హోమ్ మొత్తం బరువు 3,500 కిలోలు, ఖాళీ బరువు 2,950 అనుకుందాం. మిగిలింది 550. నలుగురు మనుషులకు 270 కిలోలు పోతాయి. లీటరు నీరు కిలో బరువు, 120 లీటర్ల ట్యాంకు నింపితే 120 కిలోలు. నిండు గ్యాసు సిలిండర్లు రెండూ కలిసి 40, పక్కకు విప్పే పందిరి, సైకిళ్లు, వాటిని తగిలించే చట్రం కలిపి 70. ఇక మిగిలింది 50 కిలోలు. పరుపులు, దుప్పట్లు, గిన్నెలు, బియ్యం, బట్టలు, కుర్చీలు, పనిముట్లు అన్నీ ఆ యాభైలో సర్దాలి. ఆ పైన కంపెనీ తర్వాత అమర్చే ఏసీ, అదనపు బ్యాటరీ వంటివి ఖాళీ బరువులో కలిపారో లేదో అడగకపోతే ఆ యాభై కూడా ఉండదు. ఖాళీ బరువులో డ్రైవరు, ఇంధనం కలిపారా లేదా అన్నది కూడా దేశాన్ని బట్టి, తయారీదారును బట్టి మారుతుంది.

బరువు మించితే టైర్లు వేడెక్కి పగులుతాయి, బ్రేకులు ఆలస్యంగా పట్టుకుంటాయి, ప్రమాదం జరిగితే బీమా పరిహారం చిక్కుల్లో పడవచ్చు. కొన్న తర్వాత సామాన్లన్నీ సర్దుకొని ఒకసారి వే బ్రిడ్జి మీదికి ఎక్కించండి. ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూయించండి. మొత్తం సరిగ్గానే ఉండి వెనక ఇరుసు ఒక్కటే మించిపోయిన బండ్లు ఎన్నో ఉంటాయి.

పక్కకు జరిగే గది ఉన్న బండి తీసుకోవచ్చా?

బండి ఆగాక మీట నొక్కితే గోడ బయటికి జరిగి హాలు రెట్టింపవుతుంది. వాన రోజున ఆ నాలుగడుగుల అదనపు చోటు ఇంట్లో తగవులు లేకుండా చేస్తుంది. దాని విలువ తక్కువని నేను అనను. అయితే ఆ గది బరువు, దాని మోటారు, చుట్టూ ఉండే రబ్బరు పట్టీ, వాన నీరు దిగే అవకాశం కూడా దాంతోపాటే వస్తాయి.

అసలు అడగవలసింది ఒకటుంది: గది లోపలికి ముడిచి ఉన్నప్పుడు బండిలో ఏమేమి వాడుకోగలం? మేము అద్దెకు తీసుకున్న ఒక బండిలో ఈ సంగతి తెలియక దారి పక్కన భోజనానికి ఆగాం. మా అత్తగారి ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంది. గది ముడిచి ఉండటంతో ఎదురుగా ఉన్న సోఫా ఫ్రిజ్ తలుపుకు అడ్డం పడింది. తలుపు నాలుగు వేళ్ల మందమే తెరుచుకుంది. పక్కన లారీలు పోతున్న ఇరుకు చోటులో గది బయటికి జరపడానికి వీల్లేదు. చివరికి మా అమ్మాయి సన్నని చెయ్యి లోపలికి పెట్టి, తడుముకుంటూ ఆ డబ్బా బయటికి తీసింది. అప్పటి నుంచి ఏ బండి చూడబోయినా ముందు గది ముడిపించి, ఫ్రిజ్, మరుగుదొడ్డి, కనీసం ఒక మంచం, ఈ మూడూ అందుతున్నాయా అని చూస్తాను. మూడూ అందకపోతే ఆ బండి నాకు వద్దు.

మంచం విషయంలో జనం ఎక్కువగా కోరుకునేది ఏమిటి?

రోజూ విప్పి, మడిచే పని లేని మంచం. బల్ల దించి, మెత్తలు పేర్చి పరుపు చేసుకోవడం పది రోజుల సెలవులో సరదాగానే ఉంటుంది. నెల రోజుల ప్రయాణంలో అది రోజూ పొద్దున, రాత్రి చేసే చాకిరీ. రెండో కోరిక, ఒకరు లేస్తే మరొకరి మీదుగా దాటనక్కర్లేని మంచం. యాభై దాటినవాళ్లకు ఇది మొదటి కోరికే అవుతుంది. మంచం రెండు వైపుల నుంచీ దిగే వీలున్న బండి కొంచెం పొడవు పెరిగినా పరవాలేదు. పరుపు పొడవు మీ ఎత్తుకంటే కనీసం ఒక జానెడు ఎక్కువ ఉండాలి, బండి చివర గోడలు వంపు తిరిగి ఉంటే తల దగ్గర చోటు తగ్గుతుంది. పరుపు కింద గాలి ఆడే చెక్కపట్టీలు లేకపోతే అడుగున బూజు పడుతుంది.

మరుగుదొడ్డి ఎలాంటిది ఉండాలి?

మొహమాటం లేకుండా మాట్లాడుకోవలసిన విషయం. మూడు పద్ధతులున్నాయి. చక్రాల మీద లాక్కుపోయే చిన్న పెట్టె రకంలో దాదాపు 17 నుంచి 20 లీటర్లు పడుతుంది. ఇద్దరికి రెండు మూడు రోజులు వస్తుంది, ఏ సాధారణ మరుగుదొడ్డిలోనైనా ఖాళీ చేసుకోవచ్చు. బండి అడుగున బిగించిన పెద్ద ట్యాంకు రకం వారం పైగా వస్తుంది, కాని దాన్ని ఖాళీ చేయడానికి అందుకు తగ్గ మురుగు స్థలం వెతుక్కోవాలి, లావు గొట్టం తగిలించాలి. మూడోది మూత్రాన్ని, మలాన్ని వేరుగా పట్టే పొడి రకం. నీళ్లు అక్కర్లేదు, రెండూ కలవవు కాబట్టి వాసన చాలా తక్కువ. అడవుల పక్కన, నీళ్లు దొరకనిచోట రోజుల తరబడి ఉండేవాళ్లు దీనికి మారి మళ్లీ వెనక్కి వెళ్లకపోవడం చూశాను. కుటుంబంలో అందరూ ఒప్పుకుంటేనే పెట్టుకోండి.

పెట్టె రకమైతే రెండో పెట్టె ఒకటి అదనంగా ఉంచుకోవడం మంచిది. ట్యాంకు రకమైతే మురుగు కవాటం బండికి ఏ పక్కన, ఎంత ఎత్తులో ఉందో వంగి చూడండి. దాన్ని తెరవాలంటే బురదలో పడుకోవాల్సి వస్తే అది తప్పు అమరికే.

నీళ్ల ట్యాంకులు ఎంత ఉంటే చాలు?

మామూలు షవరు నిమిషానికి 8 నుంచి 10 లీటర్లు పోస్తుంది. నీళ్లు ఆదా చేసే షవరు తలతో అది 5, 6 లీటర్లకు తగ్గుతుంది. సబ్బు రాసుకునేటప్పుడు ఆపే మీట కూడా ఉంటే మనిషికి 10 నుంచి 15 లీటర్లలో స్నానం అయిపోతుంది. ఇద్దరు మనుషులు మూడు రోజులు ఎక్కడా నింపకుండా ఉండాలంటే 100 నుంచి 150 లీటర్ల మంచినీళ్లు కావాలి. చాలామంది మంచినీళ్ల ట్యాంకు ఒక్కటే చూస్తారు. వాడిన నీళ్ల ట్యాంకు దానికంటే బాగా చిన్నదైతే ముందు అదే నిండి, మంచినీళ్లు ఉన్నా కుళాయి తిప్పలేని పరిస్థితి వస్తుంది. ట్యాంకు ఎంత నిండిందో చూపే మీటర్లు అబద్ధం చెబుతాయన్నది ఈ బండ్లవాళ్లందరి ఫిర్యాదు, ముఖ్యంగా మురికి పట్టే ట్యాంకుల లోపల సెన్సర్లు ఉన్నప్పుడు. బయటి గోడకు అంటించే రకం సెన్సర్లు ఎక్కువ కాలం నిజం చెబుతాయి.

బ్యాటరీలు, సౌర ఫలకాలు ఎంత పెట్టుకోవాలి?

కరెంటు బిల్లులో చూసే యూనిట్లతోనే లెక్క వేసుకోండి, తేలిగ్గా అర్థమవుతుంది. 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో దాదాపు 1.28 యూనిట్లు పడతాయి, అందులో ఎక్కువ భాగం వాడుకోవచ్చు. అదే పరిమాణంలోని సీసం బ్యాటరీని సగం కంటే ఎక్కువ వాడితే దాని ఆయుష్షు తగ్గుతుంది. బరువు తేడా ఇంకా పెద్దది: సీసం బ్యాటరీ 25 నుంచి 30 కిలోలు, లిథియంది సుమారు 12 కిలోలు. పైన చెప్పిన యాభై కిలోల లెక్క గుర్తుంటే దీని విలువ తెలుస్తుంది. ఒక జాగ్రత్త: సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు లిథియం బ్యాటరీని చార్జి చేస్తే పాడవుతుంది. చలి ప్రాంతాలకు వెళ్లేవాళ్లు తనను తాను వెచ్చబెట్టుకునే రకం తీసుకోవాలి, లేదా బ్యాటరీని బండి లోపల అమర్చుకోవాలి.

కప్పు మీద పడుకోబెట్టిన 400 వాట్ల ఫలకాలు మంచి ఎండలో రోజుకు 1.2 నుంచి 1.6 యూనిట్ల దాకా ఇస్తాయి. దీపాలు, ఫ్యాను, నీళ్ల పంపు, ఫోన్లు, ల్యాప్‌టాప్, ఫ్రిజ్ వీటికి అది సరిపోతుంది. చెట్టు నీడన ఆపితే లెక్క తారుమారవుతుంది. అందుకే బండి నడుస్తున్నప్పుడు ఇంజను ఆల్టర్నేటరు నుంచి బ్యాటరీని నింపే చార్జరు కూడా ఉండాలి. సౌర ఫలకాలు ఉంటే ఇది అక్కర్లేదని అనుకోవద్దు. వరసగా మూడు రోజులు మబ్బు పట్టినప్పుడు ఆదుకునేది అదే.

బయటి కరెంటు లేకుండా ఏసీ నడుస్తుందా?

నడుస్తుంది, ఎంతసేపన్నదే ప్రశ్న. కప్పు మీది 13,500 బీటీయూల (ఒక టన్ను కంటే కొంచెం ఎక్కువ) ఏసీ నడుస్తున్నంతసేపు దాదాపు 1.3 నుంచి 1.5 కిలోవాట్లు తీసుకుంటుంది. అంటే 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ గంట కూడా రాదు. కంప్రెసరు ఆగుతూ నడుస్తుందనుకున్నా రాత్రంతా చల్లగా పడుకోవాలంటే 12 వోల్టుల లెక్కన 500 ఆంపియర్ అవర్లకు పైగా కావాలి. మోటారు మొదలయ్యే క్షణంలో లాగే కరెంటును తగ్గించే సాఫ్ట్ స్టార్టరు ఉంటే చిన్న జనరేటరు, చిన్న ఇన్వర్టరుతో కూడా ఏసీ మొదలవుతుంది.

అంత ఖర్చుకు ముందు మరో రెండు చేయించండి. మందమైన ఇన్సులేషన్, రెండు పొరల కిటికీలు ఉన్న బండి చూడండి. కప్పుకు గాలిని రెండు వైపులా తిప్పగల ఫ్యాను పెట్టించండి. సాయంత్రం ఒక పక్క కిటికీ కొంచెం తెరిచి, ఆ ఫ్యాను బయటికి తిప్పితే లోపలి వేడి పది నిమిషాల్లో పోతుంది. వాన చినుకులు పడగానే మూత దానంతటదే మూసుకునే రకమైతే బయటికి వెళ్లినా బెంగ ఉండదు.

వంటకు గ్యాసా, ఇండక్షనా?

2,000 వాట్ల ఇండక్షన్ పొయ్యి 12 వోల్టుల బ్యాటరీ నుంచి, ఇన్వర్టరులో పోయేదాన్ని కలుపుకొని, సుమారు 180 ఆంపియర్లు లాగుతుంది. తీగలు బొటనవేలంత లావుగా, పొట్టిగా ఉండాలి, ఇన్వర్టరు దానికి తగ్గది ఉండాలి. ఇవన్నీ సరిగ్గా ఉంటే ఇండక్షన్ చాలా సుఖం. లోపల మంట ఉండదు, సిలిండరు మార్చే పని ఉండదు. గ్యాసు వైపు ఉన్న బలం, బ్యాటరీ అడుగంటినా వంట ఆగదు. నా అభిప్రాయం అడిగితే, ఒక గ్యాసు పొయ్యి, బయటికి తీసి వాడుకునే ఒక ఇండక్షన్ పొయ్యి, రెండూ ఉంచుకుంటాను.

ఫ్రిజ్ ఏ రకం?

12 వోల్టుల కంప్రెసరు ఫ్రిజ్. గ్యాసుతో నడిచే పాత రకానికి చప్పుడు ఉండదు, కరెంటు దాదాపు అక్కర్లేదు, కాని బండి సమతలంగా నిలబడకపోతే సరిగ్గా పనిచేయదు, ఎండ కాలంలో చల్లదనం తగ్గుతుంది. కంప్రెసరు రకం ఈ రెండిటినీ లెక్కచేయదు.

చలిలో గోడలకు చెమ్మ పడుతోంది. తర్వాతి బండిలో ఇది రాకుండా ఏమి చూడాలి?

ఒక కిలో గ్యాసు మండితే దాదాపు ఒకటిన్నర లీటర్ల నీరు ఆవిరిగా పుడుతుంది. వంట చేసి, కిటికీలన్నీ బిగించి నలుగురు నిద్రపోతే, ఆ ఆవిరికి మన ఊపిరి ఆవిరి కూడా తోడై, చల్లని గోడ ఎక్కడ దొరికితే అక్కడ నీటి బొట్లవుతుంది. మా పరుపు గోడకు ఆనిన వైపు ఒక పొద్దున చెయ్యి పెడితే పిండగలిగినంత తడి ఉంది.

దీనికి మందు పొడి వేడి. పొగను, ఆవిరిని గొట్టం ద్వారా బయటికే పంపే హీటరు, అది గ్యాసుదైనా డీజిలుదైనా, ఉండాలి. పొయ్యి వెలిగించి బండిని వెచ్చబెట్టడం చెమ్మకూ మంచిది కాదు, ప్రాణానికీ మంచిది కాదు. గోడకూ అలమరలకూ మధ్య వెచ్చని గాలి పారే సందు ఉండాలి. గోడ లోపలి లోహపు చట్రం సరిగ్గా కప్పి ఉండాలి, లేకపోతే ఆ పట్టీల వెంబడే చెమ్మ గీతలు పడతాయి. గడ్డకట్టే చలికి వెళ్లేవాళ్లు ట్యాంకులు, గొట్టాలు వెచ్చని అడుగు లోపల ఉన్నాయా అని తప్పనిసరిగా అడగాలి. ‘నాలుగు కాలాల బండి’ అన్న మాటకు అందరూ ఒకే అర్థం పాటించరు. వాడిన నీళ్ల ట్యాంకు, దాని కవాటం బయట వేలాడుతూ ఉంటే ఆ మాట నమ్మకండి.

వంటగదిలో ఏది తక్కువైతే బాధ?

గట్టు. పొయ్యి, తొట్టి పోగా కూరగాయల పలక పెట్టుకునే చోటు మిగలని బండ్లే ఎక్కువ. పక్కకు మడిచే పలక ఒకటి, తొట్టి మీద కప్పే మూత ఒకటి ఉంటే గండం గడుస్తుంది. లోతైన అలమరల కంటే పూర్తిగా బయటికి వచ్చే సొరుగులు మేలు, మలుపుల్లో తెరుచుకోకుండా గట్టి గడియ ఉండాలి. పొగ లాగే ఫ్యాను గాలిని వడగట్టి మళ్లీ లోపలికే వదిలేది కాకుండా నిజంగా బయటికి పంపేది ఉండాలి. పోపు వేస్తే ఆ వాసన దుప్పట్లకు పట్టేస్తుంది మరి.

‘ఆరుగురు పడుకోవచ్చు’ అని రాసిన బండి ఆరుగురికి సరిపోతుందా?

పడకలు, సీటు బెల్టులు వేరువేరుగా లెక్కపెట్టండి. ఆరు పడకలకు నాలుగే బెల్టులున్న మోటర్‌హోమ్‌లు ఉన్నాయి. పిల్లల సీటు బిగించే కొక్కేలు ఎన్ని సీట్లకు ఉన్నాయో కూడా చూడండి. ఆ తర్వాత బల్ల దగ్గర ఎంతమంది ఒకేసారి కూర్చొని తినగలరో కూర్చొని చూడండి. నా లెక్కలో బండి సామర్థ్యం ఈ మూడు సంఖ్యల్లో అన్నిటికంటే చిన్నది.

ఇలాంటి కోరికలు ఈ కాలానివేనా?

కాదు, అది నాకు ఎంతో ఇష్టమైన సంగతి. 1885లో విలియం గోర్డన్ స్టేబుల్స్ అనే స్కాట్లండ్ వైద్యుడు, రచయిత ‘ది వాండరర్’ పేరుతో గుర్రాలు లాగే విహార కారవాన్‌ను ప్రత్యేకంగా చేయించుకున్నాడు. 1910లో పియర్స్ యారో కంపెనీ న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ‘టూరింగ్ లాండో’ అనే కారును ప్రదర్శించింది. అందులో వెనక సీటు మంచంగా మారేది, డ్రైవరు సీటు వెనక నుంచి చేతులు కడుక్కునే తొట్టి కిందికి దిగేది, మరుగు పాత్ర ఉండేది, వెనక కూర్చున్నవాళ్లు డ్రైవరుతో మాట్లాడటానికి టెలిఫోను ఉండేది. మంచం, నీళ్లు, మరుగు, మాట. నూరేళ్లు దాటినా మన జాబితా పైభాగం అదే.

సామాన్ల చోటు?

ఈ పక్క నుంచి ఆ పక్కకు దాటిపోయే అర ఒకటి ఉంటే కుర్చీలు, బల్ల, గొట్టాలు అన్నీ అందులోనే. తడి బూట్లు, బురద తాళ్లు పెట్టడానికి నీళ్లతో కడిగే వీలున్న బయటి అర వేరుగా ఉంటే ఇంకా మంచిది. వెనక ఇరుసుకు అవతల ఉండే, గ్యారేజీ అని పిలిచే పెద్ద సామాన్ల అరలో బరువంతా నింపితే ముందు చక్రాలు తేలికైపోతాయి. లాగే కారవాన్‌లో అయితే వెనక బరువు ఎక్కువైతే వేగంలో తోక ఊగుతుంది, అది చాలా ప్రమాదకరం. బరువైనవి ఇరుసు దగ్గర, నేలకు దగ్గరగా సర్దాలి. ఇక తువ్వాళ్లకు కొక్కేలు, గుమ్మం దగ్గర చెప్పుల అర కూడా ఉండాలని మా నోటుపుస్తకం తరఫున అడుగుతున్నాను.

బండిలోంచే ఉద్యోగం చేయాలి. ఏమి కావాలి?

వీపుకు ఆనుకునే కుర్చీ, మోచేతులు ఆనే ఎత్తులో బల్ల. వెనక్కి తిప్పుకోగల ముందు వరస సీటుకు ఎదురుగా అటూ ఇటూ జరిపే బల్ల పెడితే చక్కని కార్యాలయం అవుతుంది. లోహపు గోడలు సిగ్నల్‌ను అడ్డుకుంటాయి, అందుకే కప్పు మీద యాంటెన్నా ఉన్న రూటరు పనికొస్తుంది. ఇద్దరూ పనిచేసేవాళ్లయితే మధ్యలో మూసే తలుపు ఉన్న బండి చూడండి. ఒకరు సమావేశంలో మాట్లాడుతుంటే మరొకరు కుక్కర్ పెట్టలేక ఊరుకోవడం రోజూ కుదరదు.

నడపడం, ఆపడం సులువు కావాలంటే?

పొడవు తగ్గించుకోండి. మీటరు పొట్టి బండి చేరగలిగే చోట్లు ఎన్నో ఎక్కువ. వెనక కెమెరా, టైర్ల గాలి ఒత్తిడి, వేడి చూపే పరికరం రెండూ ఉండాలి. ఈ బండ్ల టైర్లు అరిగిపోకముందే ముసలివవుతాయి. టైరు పక్క గోడ మీది చివరి నాలుగు అంకెలు 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. టైరు మీది గాళ్లు అరగకుండా బాగున్నా ఐదేళ్లు దాటినవాటిని ఏటా తనిఖీ చేయించాలి. స్టెప్నీ ఉందా, దాన్ని ఒక్కరే దించగలరా చూడండి. స్టెప్నీకి బదులు పంక్చరు సీసా ఇచ్చే బండ్లు పెరుగుతున్నాయి, అది నాకు నచ్చదు. మీట నొక్కితే బండిని సమతలంగా నిలబెట్టే జాకీలు వయసు మళ్లినవారికి వరం, కాని అవీ బరువే.

ప్రాణరక్షణకు ఏవి తప్పనిసరి?

వంట గ్యాసు గాలి కంటే బరువైనది, కారితే నేల మీదే పరుచుకుంటుంది, కాబట్టి దాని అలారం నేలకు దగ్గరగా ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పడుకునే చోట, తలకు దగ్గరి ఎత్తులో ఉండాలి. పొగ అలారం కప్పుకు. మంటలార్పే సిలిండరు గుమ్మం పక్కన అందేలా ఉండాలి, వంటింటి అలమర వెనక కాదు. మంచం దగ్గరి కిటికీలోంచి ఇంట్లో పెద్దవారు నిజంగా బయటికి దిగగలరా అని ఒకసారి దిగి చూడమనండి. దీని మీద బేరం లేదు.

మరమ్మతు సులువుగా ఉండాలన్న కోరిక ఎందుకు ఇంతమంది చెబుతారు?

నీళ్ల పంపు ఎప్పుడూ రాత్రే ఆగుతుంది కాబట్టి. మా బండిలో అది మంచం కింద పలక వెనక ఉండేది. పరుపు ఎత్తి, పదకొండు మరలు విప్పి, నోట్లో టార్చి పట్టుకొని చూస్తే తప్పు పంపులో లేదు, వడపోత గిన్నెలో చిన్న ప్లాస్టిక్ ముక్క ఇరుక్కుంది. తీయడానికి అర నిమిషం, అక్కడికి చేరడానికి గంటంబావు. తర్వాతి బండిలో పంపు, ఫ్యూజుల పెట్టె, హీటరు, కవాటాలు ఒక్క మూత తీస్తే కనబడాలి. ప్రతి తీగకూ పేరు చీటీ ఉండాలి. విడిభాగాలు ఎక్కడైనా దొరికే సాధారణ రకంవి కావాలి. ఒకే తెర మీది బొత్తాలతో దీపాలు, పంపు, వేడి అన్నీ నడిపే బండి అయితే, ఆ తెర పాడైనప్పుడు చేత్తో నడిపే స్విచ్చులు ఉన్నాయా అని అడగండి.

విద్యుత్ బండ్ల కోసం ఆగాలా?

దగ్గరి దూరాలు తిరిగేవాళ్లు ఆలోచించవచ్చు. విద్యుత్ కారుతో పెద్ద కారవాన్ లాగితే ఒక్క చార్జికి వెళ్లే దూరం తరచుగా సగానికి పడిపోతుంది, చాలా చార్జింగు చోట్లలో కారవాన్ విప్పితే తప్ప బండి పట్టదు. ఆ రెండో సమస్య తీరేదాకా దూర ప్రయాణాలవాళ్లకు నేను తొందరపెట్టను.

చూడటానికి వెళ్లినప్పుడు ఎంతసేపు ఉండాలి?

కనీసం రెండు గంటలు, వీలైతే వాన కురిసిన మర్నాడు. అమ్మేవారిని బయట ఉండమని మర్యాదగా అడగండి. ఇద్దరూ మంచం మీద పడుకొని, గోడవైపున్నవారు లేచి మరుగుదొడ్డికి వెళ్లి రండి. తలుపు వేసుకొని కూర్చోండి, మోకాళ్లు గోడకు తగులుతున్నాయా చూడండి. స్నానాల చోట చేతులెత్తి తల రుద్దుకున్నట్లు చేయండి. ఖాళీ గిన్నె ఒకటి తీసుకెళ్లి పొయ్యి మీద నుంచి తొట్టికి, తొట్టి నుంచి బల్లకు మార్చండి. తర్వాత దీపాలన్నీ ఆర్పి, కిటికీ తెరలు దించి, చీకట్లో దీపం స్విచ్చు చేతికి ఎక్కడ తగులుతుందో వెతకండి. చివరగా పైకిటికీ నాలుగు మూలలా బొటనవేలితో నొక్కి చూడండి.